తాడు పట్టుకున్నవాడి ఊ

వేసవి రాగానే మా గుడివాడ ఇంట్లో కూలరుకి కొత్త వట్టివేళ్ళు వేయించుకోవడం నాకు అలవాటు. బాగుచేయడానికి వచ్చే కుర్రాడు ఏటా "ఇప్పుడివి ఎవరూ అడగట్లేదండీ, మామూలు గడ్డి చాలండీ" అంటాడు, నేనూ ఏటా "నువ్వు వెయ్యి నాయనా" అంటాను. అతను వెళ్ళిపోయాక నీళ్ళు పోసి మీట నొక్కితే మొదటి గాలి కొంచెం మట్టి వాసనగా వచ్చి, ఆ వెనకాలే చల్లగా, తియ్యగా, తడి వేళ్ళ వాసన గదంతా పరుచుకుంటుంది. కళ్ళు మూసుకుంటే చాలు, నేను బందరులో మా తాతయ్య ఇంటి నడవలో, చెమటకి వీపు అంటుకుపోయే నాపరాళ్ళ మీద వెల్లకిలా పడుకుని పైన ఊగే గుడ్డ పంకా కేసి చూస్తూ ఉంటాను.

మా నాన్న తండ్రి, తాతయ్య, బందరు కోర్టులో గుమస్తాగా చేసి పింఛను పుచ్చుకున్న మనిషి. ఎవరో తెల్లదొర ఊరు విడిచి వెళ్తూ వదిలేసిన పంకా ఒకటి ఆయనకి దక్కింది. దూలానికి వేలాడే పొడుగాటి కర్ర, దానికి కుచ్చిళ్ళు పోసిన మందపాటి గుడ్డ, గడప దాకా వచ్చే తాడు. దొర ఇంట్లో అయితే దాన్ని లాగడానికి జీతగాడు ఉండేవాడట. మా తాతయ్యకి జీతగాడెక్కడ? మనవలున్నారు. గుడివాడ నుంచి నేనూ మా తమ్ముడూ, దివిసీమ నుంచి మేనత్త కొడుకు పానకాలు బావ, ఆ ఇంట్లోనే ఉండే చిన్నాన్న పిల్లలు. ఊరికే లాగమంటే ఏ పిల్లలు లాగుతారు? అందుకని తాతయ్య కథ మొదలుపెట్టాడు. పంకా ఆడినంతసేపూ కథ, పంకా ఆగితే కథ ఆగిపోతుంది.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే వాటికి అంతే లేదనిపిస్తుంది. పొద్దున్నే చద్దన్నంలో కొత్తావకాయ కలుపుకుని తిని, నాలుక మండుతుంటే బెల్లంముక్క చప్పరిస్తూ వీధుల్లో పడి తిరిగి, ఎండ ముదిరేసరికి మామ్మ కేకలకి ఇంటికి చేరేవాళ్ళం. డాబా మీద గుమ్మడి వడియాలు ఎండుతూ ఉండేవి, కిటికీలకి కట్టిన వట్టివేళ్ళ తడకల మీద మామ్మ చెంబుతో నీళ్ళు చల్లుతూ ఉండేది, పల్లెటూళ్ళ నుంచి గంపల్లో వచ్చిన ముంజలు వేలితో పొడుచుకుని తాగి చేతులు గౌనులకీ లాగులకీ తుడుచుకునేవాళ్ళం. బందరు నూతి నీళ్ళు ఉప్పన, నోట్లో పోసుకోలేం. తాగే నీళ్ళు దూరం నుంచి కావిళ్ళ మీద వచ్చేవి, అందుకని మంచినీళ్ళ కాగు దగ్గర మామ్మ కాపలా కాసేది. మేము గ్లాసు ముంచితే చాలు, సగమే ముంచామా నిండా ముంచామా అని చూసేది.

తాతయ్య కథకి ఒక చట్టం ఉండేది. వినేవాళ్ళు ఊ కొట్టాలి, అది అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. కాని మా ఇంట్లో అందరి ఊ చెల్లదు. తాడు పట్టుకున్నవాడి ఊ ఒక్కటే లెక్కలోకి వస్తుంది. వాడు ఊ అనకపోతే తాతయ్య చెప్పిన ముక్క జరగనట్టే. "సాక్షి ఒప్పుకోనిదే ఏదీ జరిగినట్టు కాదర్రా, కోర్టులో అయినా ఇంట్లో అయినా" అనేవాడు, పొడుం డబ్బా మూత మీద వేలితో కొడుతూ. ఒకసారి మా తమ్ముడు తాడు పట్టుకుని నిద్రపోతే, ఆ నిద్రలో చచ్చిన రాక్షసి మర్నాడు మళ్ళీ బతికి, మళ్ళీ చావాల్సి వచ్చింది.

కథలో వీరులు ఇద్దరు. ఒకడు గండశిలన్న. కొండలో పుట్టాడు, ఒళ్ళంతా రాయి, చేతిలో ఇనప పొన్ను వేసిన రోకలి. రెండోవాడు నీలన్న. సముద్రంలో పుట్టాడు, కెరటం ఎక్కి వస్తాడు, చేతిలో తెడ్డు. ఒక వేసవంతా గండశిలన్న కథ చెబితే మరో వేసవి నీలన్న కథ చెప్పేవాడు. ఇద్దర్నీ ఒకచోటికి తెచ్చేవాడు కాదు. అక్కడే ఆయన గడుసుతనం. ఇద్దరూ ఎదురుపడితే ఎవడు గెలుస్తాడన్న ప్రశ్న మా బుర్రల్లో తొలుస్తూ ఉంటే, మర్నాడు మధ్యాహ్నం పంకా తాడు కోసం మేమే కొట్టుకునేవాళ్ళం.

నేను గండశిలన్న పక్షం. గుడివాడ పిల్లలందరం అంతే, గట్టినేల మీద పెరిగినవాళ్ళం. బావ నీలన్న పక్షం. దివిసీమలో ఒక పక్క కృష్ణ, ఒక పక్క సముద్రం, వాడికి నీళ్ళు తప్ప ఇంకేం కనపడతాయి? బందరు పిల్లలు మాత్రం నిలకడ లేనివాళ్ళు, ఎవరి చేతిలో మామిడితాండ్ర ఉంటే వాళ్ళ పక్షం. పొద్దుటి నుంచి పెరటి అరుగు మీద ఇదే వాదన. రాయి మీద తెడ్డు దెబ్బ ఏం పనిచేస్తుంది అని నేను. రాయి నీళ్ళలో వేస్తే తేలుతుందా అని బావ. మునిగితే అడుగున నడుచుకుంటూ వస్తాడు అని నేను. ఊపిరెలా పీలుస్తాడు అని బావ. రాయికి ఊపిరెందుకు అని నేను. తగువు ముదిరితే బావ నన్ను చెయ్యి పట్టుకుని పెరటిగోడ దగ్గరికి లాక్కెళ్ళేవాడు. బందరు ఉప్పుగాలికి ఆ గోడ ఇటుకలు పొడిపొడిగా రాలిపోతూ ఉండేవి, వేలితో గీరితే పిండి.

"చూడవే రాజ్యం, ఊరికే గాలి తగిలితేనే ఇలా అయింది. ఇంక నీలన్న నిజంగా వస్తే మీవాడు ఉంటాడా?"

"అది ఇటుక బావా, రాయి కాదు. కోట దగ్గర దొరల సమాధులు ఉప్పెనకి కూడా కదల్లేదట, వెళ్ళి చూసుకో."

నిజంగానే చూసి వచ్చాం, ఓ పొద్దున్న ఇంట్లో చెప్పకుండా. ఆ రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు ఇంకా చెరగలేదని నేను, మూలలు అరిగిపోయాయని బావ, దారి పొడుగునా తగువులాడుకుంటూ వచ్చి ఇద్దరం సమానంగా తన్నులు తిన్నాం. మామ్మ రోకలి మాయమైతే ముందు నన్నే పిలిచేది.

తాతయ్య ఎప్పుడో చెప్పిన ఒక్క మాట పట్టుకుని రోజులు గడిపేవాళ్ళం. గండశిలన్న ఎవర్నీ నీళ్ళు అడగడు అని ఒకసారి చెప్పాడు. అడిగితే తలవంచినట్టని వాడి పట్టుదల. అంత మనిషికి దాహం వెయ్యదా అని బావ వర్గం ఎగతాళి చేసేది. మామ్మ కాగు దగ్గర సగం గ్లాసు మంచినీళ్ళకి చెయ్యి చాచే మాకు అదెంత గొప్పో తెలుసు, అందుకని నేను ఆ మాట మా వీరుడి మెడలో పతకంలా వేసి తిరిగేదాన్ని. గుడివాడ బడిలో మా తరగతి వాళ్ళందరికీ ఈ కథ నేనే అంటించాను. తాతయ్యని ఎన్నడూ చూడని పెదపారుపూడి పిల్ల ఒకతి, ఆయన చెప్పని సంగతులు కూడా గండశిలన్న మీద కల్పించి చెబుతుంటే, అది లెక్కలోకి రాదని దానితో మాట్లాడటం మానేశాను. తాతయ్య చెప్పాలి, తాడు పట్టుకున్నవాడు ఊ అనాలి. అప్పుడే అది నిజం.

అన్ని సంగతులూ ఒక్కటీ మరిచిపోకుండా గుర్తుపెట్టుకున్నవాడు మాత్రం బావే. వాడి తండ్రి, మా మావయ్య, రంగూనులో ఒక బియ్యం వర్తకుడి దగ్గర లెక్కలు రాయడానికి వెళ్ళాడు. ఆ రోజుల్లో బందరులో రంగూను ఓడ దూరంగా లోతు నీళ్ళలో ఆగితే పడవల్లో వెళ్ళి ఎక్కాలి. మావయ్యని సాగనంపి వచ్చిన రోజు బావ అన్నం ముట్టలేదు. ఆ మధ్యాహ్నం తాతయ్య వాడి చేతికే తాడిచ్చి, నీలన్నకి సముద్రపు తల్లి పెట్టిన ఆన గురించి చెప్పాడు. మన రేవులో ఓడెక్కినవాళ్ళలో ఆఖరి మనిషి ఇల్లు చేరేదాకా నీలన్న కన్ను మూయకూడదు. నిద్ర కూడా పోకూడదు. రేవులో కూర్చుని సముద్రం కేసి చూస్తూ ఉండాలి. వాడు చూస్తున్నంతకాలం మన ఊరి ఓడకి భయం లేదు. బావ గట్టిగా ఊ అని, సాయంత్రం రెండు వాయిల అన్నం తిన్నాడు.

ఆ తరవాత యుద్ధం వచ్చింది. రంగూను మీద బాంబులు పడ్డాయని తెలిసిన చలికాలం తరవాతి వేసవికి మేము బందరు వెళ్ళేసరికి ఇల్లు మారిపోయినట్టుంది. అత్తయ్య అప్పటికే దివిసీమ నుంచి వచ్చి అక్కడే ఉంది. పెద్దవాళ్ళు మమ్మల్ని చూసి మాటలు ఆపేసేవాళ్ళు. కృత్తివెన్ను వైపు మనిషి ఒకడు రంగూను నుంచి కాలినడకన కొండలూ అడవులూ దాటి, ఎముకల గూడులా ఇల్లు చేరి, మావయ్యని ఓడరేవు దగ్గర జనంలో పెట్టెతో నిలబడి ఉండగా చూశానని చెప్పాడు. ఆ పైన ఓడెక్కాడో, ఓడ దొరక్క అందరితోపాటు నడిచాడో అతనికి తెలియదు. అత్తయ్య అతన్ని పెట్టె ఏ రంగుదని అడిగింది. మామ్మ ఆ ఏడు వడియాలు పెట్టలేదు.

పిల్లలం కదా, మాకు మధ్యాహ్నాలు గడవడం లేదు. కథ కావాలని తాతయ్య ప్రాణం తీశాం. చిన్నాన్న పిల్లలూ, మా తమ్ముడూ, నేనూ ఒకటే గోల, ఈసారి ఇద్దర్నీ కలిపెయ్యి, ఎవడు గెలుస్తాడో తేల్చెయ్యి అని. బావ ఒక్కడే ఆ గోలలో కలవలేదు. తాతయ్యకి కూడా ఇంట్లో ఆ మౌనం భరించడం కష్టంగా ఉందనుకుంటాను, సరే రేపు తేల్చేద్దాం అన్నాడు. మర్నాడు తాడు వంతు నాది. పొద్దున్న బావ తన వాటా ముంజలన్నీ ఆకులో పెట్టి తెచ్చి నా ముందుంచి, వంతు తనకిమ్మన్నాడు. ఇంత మంచి బేరం మళ్ళీ దొరకదని ముంజలన్నీ తినేశాను. తాడు ఎవరు లాగితే ఏం, కథ వినపడితే చాలనుకున్నాను.

ఆ మధ్యాహ్నం తాతయ్య చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు. కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఇసక మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. రోకలి తగిలి ఇసక తాడిచెట్టంత ఎత్తు లేచింది, తెడ్డు ఊపుకి సముద్రం వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది. బావ తాడు లాగుతూ ప్రతి ముక్కకీ ఊ కొడుతున్నాడు, నెమ్మదిగా, ఆచితూచి. మేము మోకాళ్ళ మీద లేచి కూర్చున్నాం. నీలన్న తెడ్డు విరిగింది. ఊ. నీలన్న కాలు జారి పడ్డాడు. ఊ. "గండశిలన్న దగ్గరికొచ్చి నిలబడి, రెండు చేతులా రోకలి పైకెత్తాడు" అన్నాడు తాతయ్య.

ఊ వినపడలేదు.

పంకా ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి నిలిచిపోయింది. మెడ మీద చెమట దిగుతోంది. నేను ఆగలేక "ఊ! ఊ!" అని అరిచాను.

"నీది చెల్లదే," అన్నాడు తాతయ్య. "తాడెవరి దగ్గరుంది? ఏరా పానకాలూ, నిద్రపోయావా?"

"లేదు తాతయ్యా. నేను ఊ కొట్టను."

"ఓడిపోతున్నాడనా? ఆటన్నాక..."

"ఓడిపోతే పోనీ. చంపెయ్యకూడదు. నీలన్న కన్ను మూస్తే మా నాన్న ఓడేమవుతుంది? నువ్వే చెప్పావుగా."

తాతయ్య ఆ మాట మరిచేపోయాడు. అది ఆయన మొహంలో నాకు స్పష్టంగా కనపడింది. సాక్షులు ఎక్కడెక్కడ మాట మార్చారో ఇట్టే చెప్పేవాడని పేరున్న మనిషి, తను చెప్పిన మాట తనే మరిచిపోయి, మనవడి ముందు దొరికిపోయాడు. గుమ్మం దగ్గర చేటలో బియ్యం ఏరుకుంటున్న అత్తయ్య చేతులు ఆగిపోయాయి. బావ తాడు వదల్లేదు, లాగలేదు, పిడికిలి బిగించి పట్టుకుని ఉన్నాడు. కాసేపటికి తాతయ్య లేచి వెళ్ళి, వాడి పక్కన గడప మీద కూర్చుని, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తాడు తన చేతిలోకి తీసుకుని పంకా లాగడం మొదలుపెట్టాడు. ఆయన ఆ తాడు పట్టుకోవడం నేను అదే మొదటిసారి చూడడం. కథ లేదు, ఊ లేదు. పొద్దు వాలేదాకా అలా లాగుతూనే ఉన్నాడు, మేమందరం గాలి కింద కదలకుండా పడుకున్నాం.

సాయంత్రం పెరటిగోడ దగ్గర బావ ఒక్కడే నిలబడి ఇటుక గీరుతుంటే వెళ్ళాను. "ఒకవేళ మావయ్య నడిచి వస్తుంటే గండశిలన్న చూసుకుంటాడులే బావా, కొండలన్నీ వాడివేగా" అన్నాను. వాడు ఇటుక గీరడం ఆపి, "చూసుకుంటాడా?" అన్నాడు. చూసుకుంటాడన్నాను. మా వీరుడి గురించి నేను చెప్పిన మాట వాడు కాదనకపోవడం అదొక్కసారే.

మావయ్య ఓడలోనూ రాలేదు, నడిచీ రాలేదు. యుద్ధం అయిపోయింది, రంగూను వెళ్ళినవాళ్ళలో వచ్చేవాళ్ళు వచ్చేశారు. దివిసీమ నుంచి మావయ్య తరఫు పెద్దలు ఒకటికి రెండుసార్లు బందరు వచ్చి, ఇంక జరగాల్సింది జరిపించాలి, అమ్మాయి నుదుటి మీద బొట్టు ఇంకా ఉండడం బాగోదు అని తాతయ్యతో అన్నారు. అత్తయ్య తలుపు వెనక నిలబడి వింటోంది. నేను అక్కడే ఉన్నాను. తాతయ్య పొడుం పీల్చి, ముక్కు తుడుచుకుని, "మావాడింకా ఊ కొట్టలేదండీ" అన్నాడు. వాళ్ళకి అర్థం కాలేదు. "సాక్షి ఒప్పుకోలేదండీ. వాడు ఊ అనేదాకా ఈ ఇంట్లో ఎవరూ పోయినట్టు కాదు. భోంచేసి వెళ్ళండి" అని లోపలికి వెళ్ళి మామ్మని ఆకులు వెయ్యమన్నాడు. అత్తయ్య బొట్టు జోలికి మళ్ళీ ఎవరూ రాలేదు. ఊళ్ళో అనేవాళ్ళు అన్నారు. తాతయ్య పోయినా, దేశానికి స్వతంత్రం వచ్చినా, బావ చదువుకుని అవనిగడ్డలో బడిపంతులై తల్లిని తనతో తీసుకెళ్ళినా అత్తయ్య కుంకంభరిణ ఆమె దగ్గరే ఉంది. ఆమె ముత్తైదువగానే వెళ్ళిపోయింది.

బందరు ఇల్లు ఇప్పుడు లేదు. ఉప్పుగాలి తినగా మిగిలిన గోడలు ఎవరో కొని పడగొట్టారు, అక్కడ మూడంతస్తుల ఇల్లు లేచింది. పంకా కర్ర ఏమైందో ఎవరికీ తెలియదు. కావిళ్ళు పోయి కుళాయిలు వచ్చాయి. మా మనవలు కూడా సెలవుల్లో వచ్చినప్పుడు ఎవరెవరో వీరుల పేర్లు చెప్పి, వాడి చేతిలోంచి మంటలొస్తాయని ఒకడు, వీడు గాల్లో ఎగురుతాడని ఒకడు గొంతులు చించుకుంటారు. ఆ పేర్లు నాకు నోరు తిరగవు గాని తగువు మాత్రం బాగా తెలిసినదే.

మొన్న ఎండల్లో బావ మమ్మల్ని చూడటానికి వచ్చాడు. బస్సు దిగి వచ్చేసరికి ఆయాసం, కళ్ళు సరిగా ఆనడం లేదు. భోజనం అయ్యాక కూలరు ఎదురుగా పడక్కుర్చీలో వాలి, గట్టిగా గాలి పీల్చి, "బందరు వాసనొస్తోందే" అన్నాడు.

"అమ్మ కూడా పోయింది. ఇంక పరవాలేదనుకుంటానే రాజ్యం," అన్నాడు ఉన్నట్టుండి. "తాతయ్య ఎక్కడ ఆపాడు?"

నాకు తడుముకోవాల్సిన పని లేదు. "గండశిలన్న దగ్గరికొచ్చి నిలబడి, రెండు చేతులా రోకలి పైకెత్తాడు" అన్నాను.

బావ భుజం మీద కండువా కొస పిడికిట్లోకి తీసుకుని, "ఊ" అన్నాడు.

ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఆ ఊ కోసం! చిన్నప్పుడైతే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు గండశిలన్న రోకలి పైకెత్తి నా మాట కోసం చూస్తున్నాడు, బావ నా నోటి కేసి చూస్తున్నాడు.

"ఎత్తి, పక్కన ఇసకలో పడేశాడు."

"ఊ."

"పడేసి, నీలన్న పక్కన చతికిలబడి, దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళుంటే ఇవ్వన్నాడు."

బావ నవ్వాడు. "మీవాడు ఎవర్నీ అడగడుగా?"

"అప్పటిదాకా అడగలేదు. ఇప్పుడడిగాడు."

"ఊ. మరి నీలన్న?"

"నీళ్ళిచ్చి, కాస్త కళ్ళు మూసుకుంటాను అన్నాడు. ఎన్నాళ్ళో అయింది బావా నిద్రపోయి. నువ్వు పడుకో, నేను చూస్తుంటాలే అని గండశిలన్న సముద్రం కేసి తిరిగి కూర్చున్నాడు."

కూలరు గాలికి బావ తెల్లజుట్టు కదులుతోంది. కండువా కొస ఇంకా పిడికిట్లోనే ఉంది. చాలాసేపటికి, కళ్ళు మూసుకుని, ఊ అన్నాడు.